మొలవలేదు అంటే మొలవదని కాదు

కొత్త ఊరికి బదిలీ అయి వెళ్లిన ప్రతిసారీ మాకు ఒకే అనుభవం. చేరిక పత్రం మీద సంతకం పెట్టిన వారం లోపల ఎవరో ఒకరు వచ్చి, "మీకు తెలుగు పీరియడ్లు తక్కువే కదా, తోట కూడా మీరే చూసుకోండి" అంటారు. పుస్తకాల పెట్టెలు విప్పకముందే బడి వెనుక తోట గేటు తాళంచెవి మా చేతికొస్తుంది. అలా నాలుగు రాష్ట్రాల్లో నాలుగు రకాల మట్టి తవ్వించాం. మేము వ్యవసాయం చదువుకున్నవాళ్లం కాదు. తప్పులు చేసి నేర్చుకున్నవాళ్లమే. అలా నేర్చుకున్నవాటిలో ఒకటి తోటకే కాక తరగతి గదికి కూడా పనికొస్తుందనిపించి ఇక్కడ రాస్తున్నాం.

నాలుగేళ్ల కిందట ఉత్తరాదిన ఒక బడిలో ఉన్నాం. అక్టోబరు మొదటి వారంలో ఏడో తరగతి పిల్లలతో నాలుగు మడులు వేయించాం. ముల్లంగి, బఠానీ, పాలకూర, క్యారెట్. ఒక్కో మడికి ఒక్కో జట్టు. ఏ రోజు ఏం కనిపించిందో నోటుపుస్తకంలో మూడు భాషల్లో ఒక్కో వాక్యం రాయాలన్నది నియమం. ముల్లంగి నాలుగో రోజుకే మొలిచింది. వారం తిరిగేసరికి బఠానీ, పదో రోజుకు పాలకూర వచ్చాయి. క్యారెట్ మడి మాత్రం విత్తిన నాడు ఎలా ఉందో అలాగే ఉంది.

పదిహేనో రోజున పై అధికారుల సందర్శన ఉంది. ఖాళీ మడి కనిపిస్తే ఏమంటారో అన్న భయం అందరిలాగే మాకూ పట్టుకుంది. ముందురోజు సాయంత్రం ఆ మడి తిరగేయించి, నర్సరీ నుంచి తెప్పించిన బంతి నారు నాటించాం. క్యారెట్ జట్టులోని ఒక అమ్మాయి అప్పటికే తన పుస్తకంలో తెలుగులో రాసుకుంది: "క్యారెట్ విత్తి 14 రోజులు అయింది. మొలవలేదు." ఆ అమ్మాయి ఇంట్లో మాట్లాడేది హిందీ. తెలుగు మా దగ్గరే మూడో భాషగా నేర్చుకుంటోంది. క్రియకు వ్యతిరేక రూపం ఎలా చెప్పాలో ఆ వారమే నేర్పాం. నేర్పిన రూపాన్ని అక్షరదోషం లేకుండా సరైన చోట వాడింది. మేము ఆ వాక్యం కొట్టేయించి, "మొక్కలు బాగా పెరుగుతున్నాయి" అని రాయించాం. "ఏ మొక్కలు, మేడమ్?" అని అడిగింది. మేము జవాబు చెప్పలేదు.

సందర్శన బాగానే జరిగింది. బంతి మొక్కల్ని చూసి సంతోషించారు కూడా. మరో వారానికి మడి అంచున గునపం తగలని జానెడు చోట సన్నని దారపు పోగుల్లాంటి జంట ఆకులు వరసగా లేచాయి. క్యారెట్ మొలకలే. మడి చెడిపోలేదు, మేమే ఆగలేకపోయాం.

అప్పుడు కూర్చుని చదివాం. క్యారెట్ కుటుంబం మనకు కొత్తది కాదు. మన పోపుల పెట్టెలో సగం ఆ కుటుంబమే. ధనియాలు, జీలకర్ర, వాము, సోంపు అన్నీ దాని చుట్టాలే. ఇంగ్లండులాంటి చలిదేశాల తోటల్లో పండించే పార్స్‌నిప్ అనే తెల్లటి దుంపదీ ఇదే కుటుంబం. ఈ కుటుంబంలో చాలా విత్తనాలకు ఒక లక్షణం ఉంది. చెట్టు నుంచి రాలే నాటికి విత్తనం లోపలి పిండం పూర్తిగా ఎదిగి ఉండదు. బఠానీ గింజలో మొక్క దాదాపు సిద్ధంగా ఉంటుంది, నీళ్లు తగిలితే చాలు. క్యారెట్ గింజలో మాత్రం తడి తగిలాక పిండం ముందు లోపలే పెరగాలి, ఆ తర్వాతే వేరు బయటికి వస్తుంది. అందుకే క్యారెట్‌కు వారం నుంచి మూడు వారాల దాకా పడుతుంది. పార్స్‌నిప్‌కు ఒక్కోసారి నాలుగు వారాలూ పట్టొచ్చు. పైగా పార్స్‌నిప్ విత్తనం ఏడాది దాటితే మొలక శాతం బాగా పడిపోతుంది. అందుకే అక్కడివాళ్లు ఏటా కొత్త విత్తనమే కొంటారు. చాలు ఎక్కడుందో మరిచిపోకుండా మధ్యమధ్య ముల్లంగి గింజలు వేస్తారు. ముల్లంగి ముందుగా మొలిచి చాలు జాడ చూపిస్తుంది, గట్టిపడిన పైమట్టిని కాస్త పగలగొడుతుంది కూడా.

ఆ మూడు వారాలూ పైమట్టి ఆరకూడదు. మేము చేసిన మరో తప్పు అక్కడే ఉంది. పిల్లలు బకెట్లతో నీళ్లు కుమ్మరించేవాళ్లు. గింజలు ఒకచోటికి కొట్టుకుపోయాయి. ఎండకు పైమట్టి పెచ్చు కట్టింది. క్యారెట్ గింజ చాలా చిన్నది, మొలక బలహీనమైనది. ఆ పెచ్చును అది చీల్చుకుని రాలేదు. గింజల్ని పొడి ఇసుకతో కలిపి, సెంటీమీటరు లోతు చాలులో చల్లి, చిల్లుల మూత డబ్బాతో తడిపి, పైన తడి గోనెసంచి కప్పితే తేమ నిలుస్తుంది. రోజూ సంచి ఎత్తి చూడాలి. మొదటి మొలక కనిపించగానే తీసేయాలి, లేకపోతే మొలకలు పాలిపోతాయి. ఇంకొక్క మాట. వంకాయ, టమాటాలాగా క్యారెట్‌ను నారు పోసి నాటడం కుదరదు. తల్లివేరు దెబ్బతింటే దుంప రెండుగా చీలుతుంది, వంకర పోతుంది. వేసిన చోటే మొలవాలి, మొలిచిన చోటే పెరగాలి. అంటే సందర్శనకు ముందురోజు కొనితెచ్చి చూపించగలిగిన పంట కాదది.

తర్వాతి బదిలీలో ధనియాల మడి మాకు ఇంకో పాఠం చెప్పింది. మేము గింజలు గుండ్రంగా ఉన్నవి ఉన్నట్టే చల్లించాం. అక్కడక్కడా తప్ప మొలవలేదు. తొమ్మిదో తరగతిలో ఏడాది పాటు మన ప్రాంతం నుంచి హిందీ ప్రాంతానికి చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లల్లో ఒక అబ్బాయి ఉండేవాడు. వచ్చి రెండు నెలలైనా నోరు విప్పలేదు. ఆ రోజు మడి గట్టు మీద నిలబడి, "మేడమ్, ధనియాలు గిట్ల వెయ్యొద్దు. మా నానమ్మ చెప్పుతోని రుద్ది రెండు బద్దలు జేసి వేస్తది" అన్నాడు. నిజమే. మనం ధనియం అనుకునేది ఒక్క గింజ కాదు, రెండు గింజలు అతుక్కున్న కాయ. మెల్లగా నలిపి బద్దలు చేసి, రాత్రంతా నానబెట్టి చల్లితే మొలక సమంగా వస్తుంది. ఆ రోజు వాడు పిల్లలందరి చేతా ధనియాలు రుద్దించాడు. గింజ ధనియం, ఆకు కొత్తిమీర అని మనకు రెండు మాటలు ఎందుకున్నాయో హిందీ పిల్లలకు వాడే చెప్పాడు. వాళ్లకు రెండూ ధనియానే. అంతకుముందు స్టాఫ్‌రూములో వాడి గురించి అనుకున్న మాట మాకు గుర్తుంది: "ఈ అబ్బాయికి మాట్లాడటం రాదు."

భాష నేర్పేవాళ్లం గనుక ఈ చిన్న తేడా మమ్మల్ని వదల్లేదు. తెలుగులో "మొలవలేదు" వేరు, "మొలవదు" వేరు. మొదటిది ఇప్పటిదాకా జరిగిన సంగతి చెబుతుంది. రెండోది ఇకముందు గురించి తీర్పు చెబుతుంది. ఆ అమ్మాయి రాసింది మొదటి మాట. మేము చదువుకున్నది రెండో మాట. "రాలేదు" అనవలసిన చోట "రాదు" అనడం మనకు ఎంత అలవాటో ఏ బడి స్టాఫ్‌రూములో కూర్చున్నా తెలుస్తుంది. ఈ పిల్లకు లెక్కలు రావు, ఆ పిల్లాడికి ఇంగ్లీషు రాదు. పద్నాలుగో రోజునే తీర్పు చెప్పేస్తాం.

బడి తోటలు ఇప్పుడు ఐచ్ఛికమైన ముచ్చట కాదు. 2019లో కేంద్ర విద్యా శాఖ, అప్పటి పేరు మానవ వనరుల అభివృద్ధి శాఖ, బడుల్లో పోషకాహార తోటలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల వంటివారి దగ్గర పని నేర్చుకోవాలంది. రెండూ మంచివే. కానీ తోటను ఫొటో కోసం పెంచితే పిల్లలు నేర్చుకునేది కూరగాయల సాగు కాదు. కనిపించని దాన్ని కనిపించినట్టు రాయడం నేర్చుకుంటారు. రేపు ప్రయోగశాలలో రీడింగు సరిగా రాకపోతే పక్కవాడి అంకె ఎక్కించుకునేది ఆ అలవాటుతోనే.

దీనికి ఎదురు వాదన ఉంది, అదీ నిజమే. సిలబస్ పూర్తి కావాలి, పరీక్షలు ఆగవు, ఇరవై ఒక్క రోజులు మట్టి చూస్తూ కూర్చునే తీరిక ఎవరికుంది? ఖాళీ మడిని చూసిన అధికారి పని జరగలేదనుకుంటే బాధ్యత ఎవరిది? మా జవాబు ఒకటే. ఖాళీ మడి పక్కన తేదీలు వేసిన పుస్తకం ఉంటే అది పని జరగలేదన్న సాక్ష్యం కాదు, పని జరుగుతోందన్న సాక్ష్యం. విత్తన సంస్థలకే మన ప్రభుత్వం ఆ వెసులుబాటు ఇచ్చింది. ధ్రువీకరించిన క్యారెట్ విత్తనానికి ఉండవలసిన కనీస మొలక శాతం 60. ముల్లంగికి 70. నూటికి నలభై మొలవకపోయినా అది మంచి విత్తనమే. నూటికి నూరు మొలవాలని పట్టుబట్టేది మన రిపోర్టులు మాత్రమే.

అందుకని తోట బాధ్యత చూసే తోటి ఉపాధ్యాయులకు నాలుగు మాటలు. విత్తనాల పొట్లం పారేయకండి. పరీక్ష తేదీ, గడువు, మొలక శాతం దాని మీదే ఉంటాయి. పిల్లల చేత చదివించండి. మడిలో వేసే ముందు ఇరవై గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, రోజూ విప్పి చూడండి. మొన్న మా పిల్లలు చూస్తే పదకొండు మొలిచాయి, అంటే 55 శాతం. ఆ లెక్క ప్రకారమే ఈసారి కాస్త ఒత్తుగా చల్లారు. తోటలో ఒక్క మడినైనా సందర్శనల జోలికి రాకుండా వదలండి. మొలిచినా మొలవకపోయినా పిల్లలు చూసిందే రాయనివ్వండి.

చివరిది మాలాంటి బదిలీవాళ్ల కోసం. ఛార్జి అప్పగించేటప్పుడు గడ్డపారలు, బకెట్లు స్టాకు రిజిస్టరులో లెక్కేసి ఇస్తాం. ఏ మడిలో ఏది ఎప్పుడు వేశామో, ఏది మొలవలేదో చెప్పే పుస్తకం మాత్రం ఎవరూ ఇవ్వరు. తర్వాత వచ్చినవాళ్లు అవే తప్పులు మళ్లీ మొదటి నుంచి చేస్తారు. ఆ పుస్తకాన్ని కూడా రిజిస్టరులో చేర్చండి.

ఆ ఊరి నుంచి బదిలీ అయ్యేముందు ఆ అమ్మాయిని పిలిచి, కొట్టేయించిన వాక్యం తప్పు కాదని చెప్పాం. పుస్తకం తెచ్చి, ఆ గీత కిందే మళ్లీ రాసుకుంది: "14వ రోజు మొలవలేదు. 22వ రోజు మొలిచింది." రెండు వాక్యాలూ సరైనవే. పదికి పది వేశాం. ఆ మార్కులు అసలు మొదటి వాక్యానికే వేయాల్సింది.