ఒకటి–సున్నాలో ఆ సున్నా ఎవరిది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఏ ఊరి గ్రౌండ్‌లో చూసినా టీమ్‌లు పంచుకునేటప్పుడు ఒకటే లొల్లి. ముందు ఆడతానని అందరూ ఎగబడతరు. "నువ్వు వెనక నిలబడరా" అంటే మాత్రం ముఖం మాడ్చుకుంటరు. గల్ఫ్ నుంచి అన్న పంపే జెర్సీ మీద కూడా మెస్సీ పేరో, రొనాల్డో పేరో ఉంటది. డిఫెండర్ పేరెందుకుంటది?

డెన్మార్క్ డిఫెండర్ సైమన్ క్యేర్ 132 ఇంటర్నేషనల్ మ్యాచ్‌లు ఆడి, 2025 జనవరిలో రిటైరయ్యాడు. అన్ని మ్యాచ్‌లు ఆడినా, ఎక్కువ మందికి గుర్తున్నది 2021 జూన్ 12 ఒక్కటే. మ్యాచ్ మధ్యలో కుప్పకూలిన ఎరిక్సన్ దగ్గరికి పరుగెత్తిన కెప్టెన్‌గానే ఆయన గుర్తు.

మనకూ అలాంటి డిఫెండర్ కెప్టెన్ ఒకాయన ఉన్నాడు. హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. 'మైదాన్' సినిమా చూసినోళ్లకు కోచ్ రహీం సాబ్ తెలుసు కదా. ఆ కథ 1962 బంగారు పతకంతో ఆగిపోతుంది. నయీం కథ ఆ తర్వాతది. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌లో ఆడి, 1966లో కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు.

1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో ఇండియా కెప్టెన్ ఆయనే. కంచు పతకం మ్యాచ్‌లో ఎదురుగా జపాన్. అంతకు రెండేళ్ల ముందే మెక్సికో ఒలింపిక్స్‌లో కంచు కొట్టిన దేశమది, అల్లాటప్పా టీమ్ కాదు. 1–0తో మనోళ్లు గెలిచారు. ఆ ఒకటి కొట్టింది మంజిత్ సింగ్. మరి సున్నా? దానికి స్కోర్‌బోర్డు మీద పేరు రాయరు. నన్నడిగితే ఆ మ్యాచ్‌లో సగం గెలుపు ఆ సున్నాలోనే ఉంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ పతకం రాలేదు మరి!

బూట్లు విప్పినా నయీం గ్రౌండ్ వదల్లేదు. కోచ్ అయ్యాడు. క్రమశిక్షణ దగ్గర మహా గట్టి మనిషని పేరు. 1990లో ఈస్ట్ బెంగాల్‌తో ఒకే సీజన్‌లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ కప్‌లు మూడూ గెలిపించాడు. ద్రోణాచార్య అవార్డూ 1990దే.

ఆటగాళ్లకిచ్చే అర్జున మాత్రం 1997లో వచ్చింది. అంటే కంచు పతకం తెచ్చిన 27 ఏళ్లకు. ఆట నేర్పినందుకు ముందు, ఆట ఆడినందుకు తర్వాత... ఇదేం వరుసో! అప్పటికీ ఆయన పనిలోనే ఉన్నాడు. అదే ఏడాది ఖాట్మండులో ఆయన కోచింగ్‌లోనే ఇండియా శాఫ్ కప్ ఎత్తింది.