గోడ మీది ఆమె పేరేంటి?

మొన్న రెండో శనివారం నాడు మేము ముగ్గురు టీచర్లం కలిశాం. ఒకరిది సూర్యాపేట వైపు, ఒకరిది కోదాడ వైపు, ఇంకొకరిది మిర్యాలగూడ వైపు. ముగ్గురం తండాల్లో పుట్టినవాళ్ళమే. ఈ పుస్తకానికి ఎవరు ఏం రాయాలో మాట్లాడుకుంటూ సూర్యాపేట నుంచి కోదాడ పోతున్నాం. మాలో ఒకరి బిడ్డ, ఇంటర్ చదివే పిల్ల, మా వెంట ఉంది. హైవే పక్కన కొత్తగా పెట్టిన ఒక కాఫీ షాపు కనబడితే ఆగాం. చరిత్రే ఆ షాపు ప్రత్యేకత అని బయట బోర్డు మీదే రాసుకున్నారు.

లోపల నిజంగానే బాగుంది. ఒక గోడకు కాకతీయ తోరణం, ఇంకో గోడకు చార్మినార్, పాత రైలింజన్, నిజాం కాలం నాటి కారు. మూలకు గ్రామఫోను. అల్లూరి సీతారామరాజు బొమ్మ. కాఫీ మన దేశానికి ఎట్లా వచ్చిందో చెప్పే పెద్ద పలక కూడా ఉంది. బాబా బుడన్ అనే సూఫీ ఫకీరు యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడన్న కథ దాని మీద ఉంది. ప్రతి బొమ్మ కింద పేరు ఉంది, సంవత్సరం ఉంది. కారు కింద అది ఏ కంపెనీదో కూడా రాశారు.

బిల్లు కట్టే బల్ల వెనకాల గోడ నిండా ఒక ముసలామె ఫోటో. ఫేటియా, కాంచళి, తల మీద టుక్రి, చేతులనిండా బలియాలు. దాని కింద ఒకే ఒక్క మాట: 'ట్రైబల్'. పేరు లేదు, ఊరు లేదు, సంవత్సరం లేదు.

"అచ్చం మా దాది లెక్కనే ఉంది. ఎవరు సార్ ఈమె?" అని పిల్ల అడిగింది. మా దగ్గర జవాబు లేదు. కాఫీ తెచ్చిన పిల్లగాణ్ణి అడిగాం. అతను అటూ ఇటూ చూసి, "ఎవరో ఓనర్‌కు కూడా తెల్వది సార్, నెట్ల నుంచి తీసిండ్రు. మేము కూడా తండోళ్ళమే" అన్నాడు. ఆ పిల్లగాడు రోజూ ఆ ఫోటో కిందనే నిలబడి కప్పులు అందిస్తున్నాడు.

ఆ ఫోటో తీసేయమని మేము అనడం లేదు. కారుకు ఉన్న పేరు మనిషికి ఎందుకు లేదు అన్నదే మా ప్రశ్న. పేరున్నదాన్ని చరిత్ర అంటారు. పేరు లేకుండా గోడకు పెట్టేదాన్ని అలంకారం అంటారు. మన రాజులు, మన నాయకులు అని వాళ్ళు చెప్పుకునేవాళ్ళంతా చరిత్ర కిందికి వస్తే, మనం రంగుల బట్టలమై అలంకారం కిందికి వచ్చాం. గోండు, కోయ, చెంచు, ఎరుకల, లంబాడీ, అందరికీ కలిపి ఒకటే మాట రాసి పెట్టారు.

అసలు ఆ షాపు ఏ దారి మీద ఉందో చూడండి. హైదరాబాద్ నుంచి సూర్యాపేట, కోదాడ, విజయవాడ మీదుగా మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి అది. సముద్రం ఒడ్డు ఉప్పు దక్కన్ ఊళ్ళకు చేరింది మనవాళ్ళ ఎద్దుల వీపుల మీద. ఆ బతుకునే మన పెద్దలు 'లదేణి' అన్నారు. పది పన్నెండు వేల ఎద్దులతో సాగే బిడారులు ఎదురైతే దారి దొరక్క ఆగిపోవాల్సి వచ్చేదని 17వ శతాబ్దంలో ఈ దేశం తిరిగిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. 1889లో విజయవాడకు రైలు కలిసింది. ఉప్పు రైలెక్కింది, లదేణి పోయింది. ఆ షాపు గోడ మీద రైలింజన్ ఉంది. ఆ ఇంజన్ ఎవరి బతుకును పక్కకు నెట్టిందో చెప్పే ముక్క ఒక్కటీ లేదు.

తిరిగే బతుకు పోయినవాళ్ళ మీద 'నేరస్థ తెగలు' అనే ముద్ర కూడా పడింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన ఆ చట్టం 1952 దాకా రద్దు కాలేదు. ఆ జాబితాల్లో మనవాళ్ళనూ ఎక్కించారు. నిజాం రాజ్యంలో లంబాడీల బతుకు ఎట్లా మారిందో భంగ్యా భూక్యా ఒక పెద్ద పుస్తకమే రాశారు. అయినా హైదరాబాద్‌లో బంజారాహిల్స్ అంటే ఇవాళ కాఫీ షాపులే గుర్తుకొస్తాయి గాని బంజారాలు గుర్తుకు రారు. మన పేరు అక్కడి స్థలానికి మిగిలింది, ఆ స్థలం మనకు మిగల్లేదు.

ఇక కప్పులోని కాఫీ సంగతి. మెనూ కార్డులో అన్నిటికంటే ఖరీదైనది అరకు కాఫీ. అది పెరిగేది పాడేరు, అరకు, చింతపల్లి కొండల్లో. కొండ మీద చెట్ల నీడన మొక్క పెంచి, పండిన పండు పండుగా చేత్తో ఏరేది బగత, కొండదొర, వాల్మీకి, కోందు వంటి ఆదివాసీ కుటుంబాలు. 2017లో ఆ కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఫలానా నేల మీద పండింది కాబట్టే దీనికి ఈ రుచి అని చట్టం ఒప్పుకుంది. నేలకు గుర్తింపు దొరికింది. ఏరిన చేతుల మాట ఆ మెనూ కార్డులో లేదు.

అదే చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద 1922 ఆగస్టు 22న మన్యం వీరులు దాడి చేశారు. అల్లూరి బొమ్మ పెట్టినందుకు మాకు సంతోషమే. ఆయన పక్కన నిలిచి పోరాడిన గాం గంటం దొర ఏడి? గాం మల్లు దొర ఏడి? మల్లు దొర జైలు బతుకు బతికి 1952లో లోక్‌సభకు గెలిచిన మనిషి. ఇటు తెలంగాణ సాయుధ పోరాటంలో భూమి కోసం ప్రాణం ఇచ్చిన ధర్మాపురం జాటోత్ ఠాను నాయక్ ఏడి? వీళ్ళకు పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి. వీళ్ళ బొమ్మలు మాత్రం ఆ గోడ మీద లేవు.

"కాఫీ తాగి పోక ఇదంతా ఎందుకు? అది వ్యాపారం" అనేవాళ్ళు ఉంటారు. నిజమే, అది వ్యాపారమే. అయితే అక్కడ అమ్ముతున్న సరుకు చరిత్ర. ఉప్పు అమ్మేవాణ్ణి తూకం అడుగుతాం. చరిత్ర అమ్మేవాణ్ణి నిజం అడగొద్దా?

కాఫీ షాపుల్లోనే ఇంకో దారి చూపినవాళ్ళున్నారు. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసి పనివాళ్ళను తీసేస్తే, ఎ.కె. గోపాలన్ అండతో ఆ పనివాళ్ళే సహకార సంఘాలు పెట్టుకున్నారు. అవే ఇవాళ్టి ఇండియన్ కాఫీ హౌసులు. కేరళలో ఆ ఉద్యమాన్ని నడిపినవాళ్ళలో ఒకరైన ఎన్.ఎస్. పరమేశ్వరన్ పిళ్ళై ఆ కథంతా మలయాళంలో పుస్తకంగా రాశాడు. ఎవరో వచ్చి తమ గురించి రాస్తారని వాళ్ళు ఎదురు చూడలేదు.

తోటి టీచర్లారా, ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఆ షాపు ఓనర్‌ను తిట్టడం తేలిక. ఆ పిల్ల అడిగినప్పుడు మేము ముగ్గురం తలలు వంచుకున్నాం కదా, దానికి ఎవరిని తిట్టాలి? మాలో ఒక్కరికి కూడా తాత తండ్రి పేరు దాటి తెలియదు. మా తండా ఎక్కడి నుంచి వచ్చి ఇక్కడ దిగిందో మేము ఎన్నడూ అడగలేదు. కాకతీయుల వంశక్రమం బోర్డు మీద తప్పు లేకుండా రాస్తాం. మన తండా నాయక్‌ల వరుస చెప్పమంటే నోరు పెగలదు. 2018 చట్టంతో తండాలు గ్రామ పంచాయతీలైనాయి. ఆ పంచాయతీ ఆఫీసు గోడ మీద తండా ఎప్పుడు పుట్టిందో రాసుకున్న ఊళ్ళు ఎన్ని?

అందుకే ఆ పూట అదే బల్ల దగ్గర కూర్చొని ఒక మాట అనుకున్నాం. ఈ వేసవి సెలవుల్లో మా ముగ్గురి బడుల్లో ఎనిమిదో తరగతి నుంచి పైపిల్లలకు తలా ఒక నోటుబుక్కు ఇస్తాం. తండాలో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చొని ఐదు సంగతులు రాసుకు రావాలి. తండా ఎక్కడి నుంచి వచ్చింది, నాయక్‌లు ఎవరెవరు, లదేణి కాలంలో ఏ దారిన పోయేవాళ్ళం, భూమి ఎట్లా వచ్చింది, ఎట్లా పోయింది. పెద్దవాళ్ళు గోర్ బోలిలో చెప్తే ఆ మాటనే తెలుగు అక్షరాల్లో రాయాలి. చెప్పినవాళ్ళ పేరు, వయసు తప్పకుండా వేయాలి. బడి తెరిచాక వాటిని బడి గోడ మీద రాయిస్తాం. మీరు గోండు గూడెంలో ఉన్నా, చెంచు పెంటలో ఉన్నా మీ బడిలో ఇదే మొదలుపెట్టండి. ముసలోళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వచ్చే ఏడాది చూద్దామంటే చెప్పేవాళ్ళు ఉండరు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మీ దాది ఫోటో మీ ఫోన్‌లోనే ఉంటుంది. దాని కింద ఆమె పేరు, ఊరు మీరే రాయండి.

మా వెంట వచ్చిన పిల్ల ఆ రాత్రే వాళ్ళ దాది దగ్గర కూర్చొని నాలుగు తరాల పేర్లు రాసింది. వాళ్ళ నాయనకు అందులో రెండు పేర్లు కొత్త. ఆ కాగితం జిరాక్స్ తీసి, దాది ఫోటోతో కలిపి ఆ షాపుకు ఇచ్చి వస్తానంటోంది. "పేరున్న ఫోటో ఇస్తే పెట్టుకోరా సార్?" అని అడుగుతోంది. వచ్చే రెండో శనివారం ఆమె వెంట మేము కూడా పోతున్నాం.