ట్యూబు వదలని పిల్లాడు

2008 ఆగస్టు 11 అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది అభినవ్ బింద్రా. బీజింగ్‌లో గురిపెట్టి దేశానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన రోజది. మర్నాడు పేపర్లు తెరిస్తే ఆ కుర్రాడే. ఉండాల్సిందే మరి! ఆ సంబరంలో, అదే రోజు పొద్దున అదే నగరంలోని ఈత కొలనులో జరిగిన ఓ మూడు నిమిషాల వింత చాలామంది కంట పడలేదు.

అది పురుషుల 4×100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలే. పరుగు రిలే అందరికీ తెలిసిందే, చేతిలో కర్ర మారుతుంది. నీళ్లలో కర్ర ఉండదు. ఈదుకుంటూ వచ్చినవాడు గోడను తాకాలి. అప్పటిదాకా పైనున్నవాడి కాలు దిమ్మ మీదే ఉండాలి. తొందరపడి ముందే దూకితే నలుగురి కష్టమూ అక్షరాలా నీళ్లపాలు! అలాగని తాకాడో లేదో చూసుకుని తీరిగ్గా దూకితే పందెం పోయినట్టే. అందుకే పైనున్నవాడు చేతులు ఊపి, ఒళ్లంతా ముందుకు వాల్చేసి, కాలివేళ్లు మాత్రం దిమ్మకు ఆనించి ఉంచుతాడు.

ఈ పందెం ఒలింపిక్స్‌లో 1964లో మొదలైంది. 1996 దాకా, పెట్టిన ప్రతిసారీ గెలిచింది అమెరికానే. 2000లో సిడ్నీలో ఆస్ట్రేలియా, 2004లో ఏథెన్స్‌లో దక్షిణాఫ్రికా ఆ లెక్క తప్పించాయి. ఓడిన ఆ రెండు జట్లలోనూ ఉన్నవాడు జేసన్ లెజాక్. బీజింగ్ వచ్చేసరికి అతనికి 32 ఏళ్లు. ఈతగాళ్లలో ఆ వయసంటే పెద్దాయన కిందే లెక్క. ఆ పెద్దాయనకే చివరి వంద మీటర్లు అప్పగించారు.

మొదట మైకేల్ ఫెల్ప్స్, తర్వాత గారెట్ వెబర్‌గేల్ ఈదారు. సగం పందెం అయ్యేసరికి అమెరికా ముందుంది. మూడోవాడు కల్లెన్ జోన్స్. వచ్చిన ఆధిక్యం పోయింది అతని వంతులోనే. అతను 47.65 సెకన్లలో ఈదితే, పక్క వరసలో ఫ్రాన్స్ ఈతగాడు ఫ్రెడరిక్ బుస్కే 46.63లో వచ్చేశాడు. లెజాక్ నీళ్లలోకి దూకేసరికి ఫ్రాన్స్ అర సెకను పైనే ముందుంది. అక్కడున్నది ఆలైన్ బెర్నార్డ్. ఆ పొద్దుటిదాకా వంద మీటర్ల ప్రపంచ రికార్డు అతనిదే. అదే పందెంలో మొదటి వంతు ఈదిన ఆస్ట్రేలియా వాడు ఈమన్ సల్లివన్ దాన్ని లాగేసుకున్నాడు.

లెజాక్ తాడు పక్కకు జరిగి, బెర్నార్డ్ చీల్చుకుపోతున్న నీళ్ల అలను ఆసరా చేసుకుని ఈదాడు. చివరి కొద్ది మీటర్లలో ఇద్దరూ పక్కపక్కకి వచ్చేశారు. బోర్డు మీద చూస్తే... అమెరికా 3 నిమిషాల 8.24 సెకన్లు, ఫ్రాన్స్ 3 నిమిషాల 8.32! తేడా సెకనులో వందో వంతులు ఎనిమిది. రెప్పపాటుకు కూడా అంతకన్నా ఎక్కువే పడుతుంది. లెజాక్ ఈదిన 46.06 సెకన్లలో అప్పటిదాకా ఎవరూ రిలే వంతు పూర్తిచేయలేదు. అప్పట్లో వాడిన ప్రత్యేక దుస్తుల చలవా ఇందులో ఉంది. పాత ప్రపంచ రికార్డును ఆ ఒక్క పందెంలో ఐదు జట్లు దాటేశాయి. 2010 నుంచి అలాంటి దుస్తులను నిషేధించారు.

ఫొటోల్లో అరుస్తూ కనిపించేది ఫెల్ప్స్, మోసింది లెజాక్. ఆధిక్యం పోగొట్టినవాడిగా జోన్స్‌ను మర్చిపోవడం సులువే. కానీ లెక్కేసి చూస్తే, అతను మరో తొమ్మిది వందో వంతులు ఆలస్యమైనా స్వర్ణం ఫ్రాన్స్‌దే. అసలు అతను ఆ కొలను దాకా రావడమే పెద్ద కథ.

జోన్స్‌కు ఐదేళ్లప్పుడు అమ్మానాన్నలతో పెన్సిల్వేనియాలో ఓ వాటర్ పార్కుకు వెళ్లాడు. రబ్బరు ట్యూబు మీద కూర్చుని జారే ఆట. ఏమైనా సరే ట్యూబు వదలొద్దని నాన్న చెప్పాడు. పిల్లాడు బుద్ధిమంతుడు, వదల్లేదు. కింద నీళ్లలో పడగానే ట్యూబు తిరగబడింది. వాడు తలకిందులుగా మునిగిపోయాడు. అప్పుడూ వదల్లేదు! స్పృహ తప్పినవాణ్ని బయటికి తీసి ఊపిరి పోయాల్సి వచ్చింది. వాళ్లమ్మకు ఈత రాదు. ఇంకో తల్లయితే ఇక నీళ్ల దగ్గరికే పోనివ్వకపోను. ఆమె మాత్రం కొద్దిరోజుల్లోనే వాణ్ని ఈత బడిలో చేర్చింది.

ట్యూబు మాట వచ్చింది కనక, మన బాల్కొండ వైపు బావుల దగ్గర వాడిన బెండు గురించీ చెప్పుకోవాలి. ఒకప్పుడు అక్కడి పిల్లలకు ఈత నేర్పింది వ్యవసాయ బావులే. ఎండాకాలం సెలవుల్లో నడుముకు బెండ్లు కట్టి, గట్టు మీంచి ఒక్క తోపు తోసేవాళ్లు. మామో, పెద్దన్నో అప్పటికే నీళ్లలో ఉండేవాడు. నీళ్లు మింగి, ఏడ్చి, తిట్టి, నాలుగు రోజులకు చేతులు ఆడించడం వచ్చేది. అలవాటైన కొద్దీ బెండ్లు తగ్గించేవాళ్లు. బెండు ఒంటికి కట్టి ఉంటుంది, పిల్లాడు చేతులు వదిలేసినా తేలుస్తుంది. ట్యూబును పిల్లాడే పట్టుకోవాలి. ఇంత చిన్న తేడాకే అక్కడ ప్రాణం మీదికొచ్చింది.

బోర్లు వచ్చాక బావుల పని తగ్గింది. ఎన్నో ఎండాయి, కొన్నిటిని పూడ్చేశారు. నీళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన పోచంపాడు, అదే శ్రీరాంసాగర్, బాల్కొండకు దగ్గర్లోనే ఉంది. కాకతీయ కాలువ బయల్దేరేది అక్కడినుంచే. బావి నీళ్లు నిలకడగా ఉంటాయి, కాలువ నీళ్లు లాగేస్తాయి. పాచిపట్టిన సిమెంటు గట్టు మీద పట్టు దొరకదు. నలుగురు స్నేహితులు కాళ్లు కడుక్కోడానికి దిగుతారు, ఒకడు జారతాడు, వాణ్ని లాగబోయి ఈత రాని రెండోవాడు దిగుతాడు... వార్తల్లో ఒకేచోట రెండు మూడు పేర్లు కనిపించడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే. తాడో, చీరో, మూత బిగించిన ఖాళీ డబ్బానో గట్టు మీంచే విసరడం మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 2021లో నీట మునిగి పోయినవాళ్లు దాదాపు 3 లక్షలు.

ఇక ఆడపిల్లల సంగతి. ఆ బావులున్న రోజుల్లోనూ బెండ్లు కట్టింది ఎక్కువగా మగపిల్లలకే. అక్కాచెల్లెళ్లు గట్టు మీద బట్టలకు కాపలా. స్వర్ణం గెలిచాక జోన్స్ 'మేక్ ఎ స్ప్లాష్' కార్యక్రమం తరఫున ఊళ్లు తిరిగి, పిల్లలకు ఈత నేర్పించమని తల్లిదండ్రులకు చెప్పాడు. మనదగ్గర హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల 2021లో, 47 ఏళ్ల వయసులో, భారత్‌కూ శ్రీలంకకూ మధ్య ఉన్న పాక్ జలసంధిని ఈదారు. ఆమె ఈత మొదలుపెట్టింది నలభై దాటాకే.