ఉగ్రవాదంపై ప్రపంచ పోరు: తీర్మానాలు సరే, అమలు ఎక్కడ?

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం నిమిషాల వ్యవధిలో రెండు బాంబులు పేలాయి. 18 మంది ప్రాణాలు కోల్పోగా, 131 మంది గాయపడ్డారు. ఈ కేసులో ఎన్‌ఐఏ ప్రత్యేక న్యాయస్థానం 2016 డిసెంబరులో ఐదుగురికి విధించిన ఉరిశిక్షను తెలంగాణ హైకోర్టు 2025 ఏప్రిల్ 8న సమర్థించింది. దోషుల్లో ఒకడు పాకిస్థాన్ జాతీయుడు. ప్రధాన నిందితుడు రియాజ్ భత్కల్ మాత్రం పరారీలోనే ఉన్నాడు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ వద్ద 40 మందికి పైగా బలిగొన్న పేలుళ్ల కేసులోనూ అతడు పరారీ నిందితుడే. అతడు పాకిస్థాన్‌లో తలదాచుకున్నాడన్నది భారత దర్యాప్తు సంస్థల వాదన.

హైకోర్టు తీర్పు వెలువడిన సరిగ్గా రెండు వారాలకు, ఏప్రిల్ 22న, పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మృతుల్లో విశాఖపట్నం, కావలి వాసులు ఉన్నారు. సరిహద్దు దాటిన నేరానికి సరిహద్దు దాటిన న్యాయం అందించవలసిన అంతర్జాతీయ సంస్థలు ఏ మేరకు సఫలమయ్యాయన్న ప్రశ్న ఈ రెండు ఘటనలతో మళ్లీ ముందుకు వచ్చింది.

నిబంధనల రూపకల్పనలో ఈ సంస్థల కృషి తక్కువేమీ కాదు. 2001 సెప్టెంబరు 28న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆమోదించిన 1373వ తీర్మానం, ఉగ్రవాదానికి నిధులు అందించడాన్ని నేరంగా పరిగణించాలనీ, ఉగ్రవాదులకు ఆశ్రయం ఇవ్వరాదనీ సభ్యదేశాలన్నింటినీ ఆదేశించింది. 1999 నాటి 1267వ తీర్మానం కింద ఏర్పడిన కమిటీ వ్యక్తులపై, సంస్థలపై ఆంక్షలు విధిస్తోంది.

లోపం అమలులో ఉంది. ఆంక్షల కమిటీ నిర్ణయాలకు 15 సభ్యదేశాల ఏకాభిప్రాయం అవసరం. ఒక్క దేశం అడ్డుచెప్పినా ప్రతిపాదన నిలిచిపోతుంది. జైషే మహ్మద్ సంస్థ 2001లోనే ఆంక్షల జాబితాకు ఎక్కింది. దాని అధినేత మసూద్ అజర్ పేరు చేరడానికి మాత్రం 2019 మే 1 వరకు నిరీక్షించవలసి వచ్చింది. చైనా పలుమార్లు వ్యక్తం చేసిన అభ్యంతరమే ఇందుకు కారణం. ఇంటర్‌పోల్ పరిస్థితి కూడా భిన్నం కాదు. దాని రెడ్ నోటీసు అభ్యర్థన మాత్రమే. నిందితుడిని అరెస్టు చేయాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టం. ఆశ్రయమిచ్చిన దేశమే ఉదాసీనత వహిస్తే ఆ నోటీసుకు విలువ ఉండదు.

ఆర్థికపరమైన ఒత్తిడి ఇందుకు భిన్నమైన ఫలితాన్నిచ్చింది. లష్కరే తోయిబా వ్యవస్థాపకుడు హఫీజ్ సయీద్ పేరు 2008 డిసెంబరులోనే సమితి ఆంక్షల జాబితాలో చేరింది. అయినా ఉగ్ర నిధుల కేసులో పాకిస్థాన్ న్యాయస్థానం అతడికి శిక్ష విధించినది 2020 ఫిబ్రవరిలో. అంతకుముందు, 2018 జూన్‌లో, ఆర్థిక చర్యల కార్యదళం ఎఫ్‌ఏటీఎఫ్ ఆ దేశాన్ని గ్రే జాబితాలో చేర్చడం గమనార్హం. పదకొండేళ్లలో తీర్మానం సాధించలేనిదాన్ని, అప్పులకూ పెట్టుబడులకూ ముప్పు వాటిల్లుతుందన్న భయం రెండేళ్లు తిరగకముందే సాధించింది. అయితే 2022 అక్టోబరులో పాకిస్థాన్ ఆ జాబితా నుంచి బయటపడింది.

పహల్గామ్ దాడిని భద్రతా మండలి ఏప్రిల్ 25న తీవ్రంగా ఖండించింది. దాడికి పాల్పడినవారిని, నిధులిచ్చినవారిని, ప్రోత్సహించినవారిని చట్టం ముందు నిలబెట్టాలని కోరింది. కానీ దాడికి తామే బాధ్యులమని తొలుత ప్రకటించుకున్న 'ది రెసిస్టెన్స్ ఫ్రంట్' పేరు ఆ ప్రకటనలో లేదు. అమెరికా 2025 జులైలో ఆ సంస్థను విదేశీ ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది.

ఉగ్రవాదానికి సర్వసమ్మతమైన నిర్వచనం లేకపోవడం ఈ వైఫల్యాలకు మూలం. అంతర్జాతీయ ఉగ్రవాదంపై సమగ్ర ఒప్పందాన్ని భారత్ 1996లోనే ప్రతిపాదించింది. నిర్వచనంపై భేదాభిప్రాయాలతో అది నేటికీ కార్యరూపం దాల్చలేదు. ఆ ఒప్పందాన్ని కొలిక్కి తేవడం, ఆంక్షల ప్రతిపాదనలను అడ్డుకునే దేశం అందుకు కారణాలను బహిరంగంగా వెల్లడించేలా చూడడం, ఆశ్రయమిచ్చే దేశాలపై ఆర్థిక ఒత్తిడిని మధ్యలో సడలించకపోవడం తక్షణ కర్తవ్యాలు. దిల్‌సుఖ్‌నగర్ బాధితులకు స్వదేశీ న్యాయస్థానాలు తీర్పునిచ్చాయి. సరిహద్దు ఆవల ఉన్న నిందితుడిని బోనెక్కించే బాధ్యత అంతర్జాతీయ సమాజానిది.