కుందేలుకు రేకుల షెడ్డు చాలదు

సంపాదకులకు,

పెంపుడు కుందేళ్లకు పెరట్లో రేకుల షెడ్డు చాలునన్న మీ గత సంచిక వ్యాసంతో ఏకీభవించలేను. కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంటి వేడిని ఎక్కువగా చెవుల గుండానే వదులుకుంటుంది. 30 డిగ్రీలు దాటితే దానికి వడదెబ్బ ముప్పే. మే నెలలో రామగుండం, రెంటచింతలలో ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. ఇక రేకు కింద ఎలా ఉడుకుతుందో ఊహించండి. పైగా కుందేలు జబ్బును పైకి కనబడనివ్వదు. ఒక పూట మేత ముట్టకపోయినా పేగుల కదలిక ఆగిపోయి ప్రాణం మీదికి రావచ్చు. హాల్లో ఓ మూలన ఉంటే ఆ తేడా ఎవరో ఒకరు గమనిస్తారు. షెడ్డులో అయితే మర్నాడు మేత వేయబోయినప్పుడే తెలుస్తుంది, అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఇల్లు వాసనేస్తుందన్నది వ్యాసకర్త ప్రధాన అభ్యంతరం. ఆ ఘాటు మూత్రం నిలవుండడం వల్ల పుట్టే అమ్మోనియాది. కుందేలు సాధారణంగా ఒకే మూల ఎంచుకుంటుంది కనుక అక్కడ ట్రేలో ఎండుగడ్డి పరిచి రోజూ మారిస్తే సరిపోతుంది. కరెంటు వైర్లు కొరుకుతుందన్నది నిజమే, వాటిని పైపులో దూర్చాలి. రైతులు షెడ్డుల్లోనే పెంచుతున్నారు కదా అంటారు. వాళ్లు గాలి ఆడే ఎత్తయిన పాకలు వేసి, పగలంతా కనిపెట్టుకుని ఉంటారు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవారుంటే మాత్రం నా వాదన సడలిస్తాను: అప్పుడు కుక్కలు, పిల్లులు చొరబడని జాలీ బిగించిన నీడ వరండా మేలు.

— ఒక పాఠకురాలు, కరీంనగర్