మలేషియా క్యాంపస్‌లో సొరారిటీ లేదు.. మరి ఉన్నదేమిటి?

2024లో కమలా హారిస్ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు మన ఇళ్లల్లో చాలామంది ‘సొరారిటీ’ అనే మాటను మొదటిసారి శ్రద్ధగా విన్నారు. వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో ఆమె ఆల్ఫా కాపా ఆల్ఫా అనే సంఘంలో చేరారు. 1908లో అక్కడే పుట్టిన నల్లజాతి విద్యార్థినుల సంఘం అది. దశాబ్దాల తర్వాత కూడా ఆ సంఘం అక్కచెల్లెళ్లు ఎందరో ఆమె వెంట నిలిచారు.

అప్పటి నుంచి కౌలాలంపూర్ పరిసరాల్లో నలుగురు తెలుగువాళ్లు కలిసినచోట ఆడపిల్లల పైచదువు ప్రస్తావన వస్తే నాకు రెండు రకాల మాటలు వినిపిస్తున్నాయి. అమెరికా పంపబోయేవారు ‘అమ్మాయి అలాంటి వాటిలో చేరొచ్చా, ఖర్చు తప్ప ఇంకేమైనా ఉందా’ అని అడుగుతారు. ఇక్కడే చదివించేవారు ‘మన దగ్గర ఆ గొడవ లేదులెండి’ అని ఊపిరి పీల్చుకుంటారు. ఆ రెండో మాట సగమే నిజమని నా అభిప్రాయం. మలేషియా విశ్వవిద్యాలయాల్లో సొరారిటీ అన్న పేరు లేదు. కానీ సొరారిటీ చేసే పనులు, అంటే ఇల్లు వదిలి వచ్చిన అమ్మాయికి గది, తోడు, దారి చెప్పే సీనియర్, రేపు ఉద్యోగానికి పనికొచ్చే పరిచయం, ఇవన్నీ ఇక్కడ వేరే చేతుల్లో ఉన్నాయి. ఎవరి చేతుల్లో ఉన్నాయో తల్లిదండ్రులు తెలుసుకోవడం మంచిది.

ముందు ఆ మాట సంగతి. 19వ శతాబ్దంలో అమెరికా కళాశాలల్లో అమ్మాయిలు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉండేవారు. అబ్బాయిల ఫ్రటర్నిటీలు వారిని రానివ్వలేదు. 1867లో ఇల్లినాయ్‌లోని మాన్మత్ కళాశాలలో పై బీటా ఫై, 1870లో కాపా ఆల్ఫా థీటా అలా మొదలయ్యాయి. లాటిన్‌లో సోరోర్ అంటే సోదరి. ఆ మాట నుంచి 1882లో సిరక్యూస్‌లోని గామా ఫై బీటా సంఘం కోసం ‘సొరారిటీ’ అనే పేరు పుట్టింది. తర్వాత సొంత ఇళ్లు వచ్చాయి, చందాలు వచ్చాయి, పూర్వ విద్యార్థినుల పెట్టుబడులు వచ్చాయి. ఇవాళ్టికీ సొరారిటీకి ఆయువుపట్టు అదే: సభ్యులే కట్టే డబ్బు, సభ్యులే నడిపే ఇల్లు.

ఈ ఆచారం మన ఆగ్నేయాసియాకు రాలేదా అంటే వచ్చింది, కానీ ఒక్క దేశానికే. ఫిలిప్పీన్స్ అమెరికా ఏలుబడిలో ఉండేది కనుక అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఫ్రటర్నిటీలు, సొరారిటీలు గట్టిగా వేళ్లూనాయి. వాటితో పాటు చేరికల పేరిట హింస కూడా వచ్చింది. 1995లో దానిపై చట్టం చేసినా ఆగలేదు. 2017లో మనీలాలో ఒక న్యాయ విద్యార్థి ప్రాణం పోయాక 2018లో ఆ చట్టాన్ని ఇంకా కఠినం చేశారు. మలయాకు వచ్చిన దొరలు వేరు. వారు తెచ్చింది ఇంగ్లండు పద్ధతి కళాశాల జీవితం. 1949లో సింగపూర్‌లో మొదలై, 1959లో కౌలాలంపూర్‌కు విస్తరించి, 1962లో ఇక్కడ స్వతంత్ర సంస్థగా నిలిచిన మలయా విశ్వవిద్యాలయంలో విద్యార్థి జీవితమంతా నివాస కళాశాలల చుట్టూ అల్లుకుంది. కోలెజ్ కెదియామన్ అంటారు వాటిని. ఇల్లు విశ్వవిద్యాలయానిది, నియమాలు విశ్వవిద్యాలయానివి.

దీనికి తోడు చట్టం ఒకటుంది. 1971 నాటి విశ్వవిద్యాలయాల, విశ్వవిద్యాలయ కళాశాలల చట్టాన్ని మలయ్ పేరులోని పొడి అక్షరాలతో ఇక్కడ ‘ఔకు’ అంటారు. నంద్యాల వైపు వారికి అవుకు అంటే ఊరు, జలాశయం. మలేషియా విద్యార్థులకు ఔకు అంటే నోటికి తాళం. 1974లో బాలింగ్ రైతుల కష్టాలపై విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నేటి ప్రధాని అన్వర్ ఇబ్రహీం అప్పట్లో అరెస్టయి ఇరవై నెలల దాకా విచారణ లేకుండా నిర్బంధంలో ఉన్నారు. మరుసటి ఏడాదే చట్టాన్ని బిగించారు. పార్టీలతో, బయటి సంఘాలతో విద్యార్థుల సంబంధం తెంచేశారు. విద్యార్థి సంఘాలు సొంతంగా డబ్బు వసూలు చేయకూడదన్నారు.

రాజకీయాలపై ఆంక్షల గురించి పత్రికలు చాలా రాశాయి. 2011లో అప్పీలు కోర్టు ఒక నిబంధనను రాజ్యాంగ విరుద్ధమంది. 2012లో పార్టీల్లో చేరే వీలు వచ్చింది. 2018 చివర్లో క్యాంపస్ లోపలి రాజకీయాలపై నిషేధాన్ని పార్లమెంటు తొలగించింది. డబ్బు నిబంధన గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. నా లెక్కలో అసలు సంగతి అక్కడే ఉంది. చందా వసూలు చేయలేని సంఘం ఇల్లు అద్దెకు తీసుకోలేదు, పేద సభ్యురాలికి ఫీజు కట్టలేదు, చివరికి పండగకు షామియానా వేయాలన్నా విద్యార్థి వ్యవహారాల కార్యాలయం సంతకం కోసం తిరగాలి. అలాంటి నేలలో సొరారిటీ మొలకెత్తే ప్రశ్నే లేదు. 2024లో చేసిన సవరణతో విద్యార్థి సంఘాలకు తమ నిధులు తాము చూసుకునే వీలు కలిగింది. చట్టాన్నే పూర్తిగా రద్దు చేయాలని అడిగేవారు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

మరి ఇన్నేళ్లూ అమ్మాయిలు ఏం చేశారు? ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ప్రతి 10 మందిలో దాదాపు 6గురు వారే. అమెరికాలో సొరారిటీలు పుట్టినది అమ్మాయిలు కొద్దిమంది ఉన్నందుకు; ఇక్కడ వారిదే మెజారిటీ. వారి కోసం మొదట ఉన్నది నివాస కళాశాలే. అమ్మాయిల బ్లాకులు వేరు, గదికి అద్దె చాలా తక్కువ. కానీ మొదటి ఏడాది తర్వాత ఆ గది నిలుపుకోవడం అందరికీ సాధ్యం కాదు. చాలా చోట్ల ‘మెరిట్’ పాయింట్లు చూస్తారు. కళాశాల తరఫున పాటల పోటీకి వెళ్లావా, శుభ్రత కార్యక్రమానికి వచ్చావా, కమిటీలో పనిచేశావా అన్నది లెక్క. పాయింట్లు చాలకపోతే వచ్చే ఏడాది గది ఉండదు, బయట అద్దెకు దిగాలి. బాగా చదివే అమ్మాయి అర్ధరాత్రి దాకా డాన్స్ రిహార్సల్‌లో ఎందుకుందో తల్లికి అర్థం కాదు. ‘ఇదేం చదువే’ అని ఫోన్‌లో కోప్పడుతుంది. ఆ పిల్ల కాపాడుకుంటున్నది గదిని. సొరారిటీలో డాలర్లు కట్టి చోటు సంపాదిస్తారు, ఇక్కడ సాయంత్రాలు కట్టి సంపాదిస్తారు.

రెండోది ఉస్రా. అరబ్బీలో ఆ మాటకు కుటుంబం అని అర్థం. ఏడెనిమిది మంది విద్యార్థినులు, వారికి నకీబా అనే ఒక సీనియర్, వారానికోసారి కలిసి కూర్చోవడం, మత గ్రంథం చదవడం, ఆ వంకన ఒకరి కష్టం ఒకరు వినడం. 1970లలో కొత్త ఆర్థిక విధానం వల్ల పల్లెల నుంచి వేలాది మలయ్ అమ్మాయిలు స్కాలర్‌షిప్‌లతో నగరానికి వచ్చారు. ఎవరూ తెలియని ఊళ్లో వారిని చేరదీసింది 1971లో పుట్టిన అబిమ్ వంటి యువజన ఉద్యమాలు. జైనా అన్వర్ 1987లో వెలువరించిన పుస్తకంలో ఆ మార్పును విద్యార్థుల మాటల్లోనే నమోదు చేశారు. ఒంటరితనం పోయింది, దానితో పాటు దుస్తులు, స్నేహాలు, ఆలోచన కూడా మారాయి. మంచో చెడో చెప్పడం నా పని కాదు. మలేషియాలో సొరారిటీకి అన్నిటికంటే దగ్గరి చుట్టం మాత్రం ఇదేనంటాను. చేరాక ఆప్యాయత దొరుకుతుంది, చేరాక నియమాలూ ఉంటాయి.

ఇక మన పిల్లలు. ఎస్టేట్ల కాలంలో వచ్చి బగన్ డతోలోనూ ఇతర చోట్లా స్థిరపడ్డ తెలుగు కుటుంబాల మనవరాళ్లు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వెళ్తారు. హైదరాబాద్, విశాఖల నుంచి ఉద్యోగాల మీద వచ్చినవారి పిల్లలు ఎక్కువగా ప్రైవేటు వాటికి వెళ్తారు. ఈ రెండు వర్గాల అనుభవం ఒకటి కాదు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన తెలుగు అమ్మాయిని ముందుగా పలకరించేది తమిళ సీనియరే. మలయా విశ్వవిద్యాలయంలో తమిళ భాషా సంఘం ఉంది, హిందూ విద్యార్థుల సంఘాలు ఉన్నాయి, దీపావళి, పొంగల్ వేడుకలు ఉన్నాయి. తెలుగు పేరుతో అంత బలమైన సంఘం నా కంటపడలేదు. అయినా ‘అక్కా’ అన్న పిలుపు రెండు భాషల్లోనూ ఒక్కటే. ఏ లెక్చరర్ కఠినం, ఏ క్యాంటీన్‌లో శాకాహారం దొరుకుతుంది, రాత్రి బస్సు ఎక్కడ ఆగుతుంది, ఏ అబ్బాయికి దూరంగా ఉండాలి.. ఇవన్నీ చెప్పేది ఆ అక్కే. చందా లేదు, ప్రమాణం లేదు, గ్రీకు అక్షరాలు లేవు. నాలుగేళ్లలో ఆ అమ్మాయి తెలుగు కొంత పలచబడుతుందన్నది నిజమే. మొదటి వారంలో ఏడుస్తున్న పిల్లకు అన్నం పెట్టినవారి భాష గురించి నేను ఫిర్యాదు చేయలేను.

ప్రైవేటు విశ్వవిద్యాలయాల సంగతే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. అవి 1996 నాటి వేరే చట్టం కింద నడుస్తాయి. సన్‌వే, సుబాంగ్ జయ ప్రాంతాల్లో చదివే అమ్మాయిలు చాలామంది కాండోల్లో గది తీసుకుంటారు. క్లబ్బులకు లోటు లేదు, కానీ సాయంత్రానికి ఎవరి తలుపు వారు వేసుకుంటారు. మెరిట్ పాయింట్ల పోరు లేదు, మెట్ల మీద ఎదురుపడే అక్కా లేదు. ‘కాపలా ఉంది, కెమెరాలున్నాయి, లిఫ్టుకు కార్డుంది’ అని తండ్రులు చెబుతుంటే వింటూ ఉంటాను. జ్వరం వచ్చిన రాత్రి ఆ కార్డు గంజి కాచి పెట్టదు.

అలాగని సీనియర్లంతా అక్కలే అనుకోవడానికీ లేదు. 2025 జూలైలో సబాలో 13 ఏళ్ల పాఠశాల విద్యార్థిని హాస్టల్ వద్ద పడిపోయి మరణించింది. తోటి బాలికలు ఐదుగురిపై వేధింపుల అభియోగాలు నమోదయ్యాయి. దేశమంతా అట్టుడికింది. ఆ కొద్ది రోజుల ముందే వేధింపులను నేరంగా పరిగణించే కొత్త సెక్షన్లు శిక్షాస్మృతిలో అమల్లోకి వచ్చాయి. అది బడి, విశ్వవిద్యాలయం కాదు. కానీ అమ్మాయిలు మాత్రమే ఉన్నచోట హింస ఉండదన్న మన నమ్మకాన్ని ఆ ఘటన కదిలించింది. మనకు ఇది కొత్త కూడా కాకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. 2015లో నాగార్జున విశ్వవిద్యాలయ విద్యార్థిని ఆత్మహత్య తర్వాత ఆ చట్టం ఎక్కడుందని అందరం అడిగాం.

అమెరికా పంపేవారికి రెండు ముక్కలు. అక్కడ దక్షిణాసియా అమ్మాయిల సొరారిటీలు ఉన్నాయి. 1998లో టెక్సస్ విశ్వవిద్యాలయంలో కాపా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో మొదలయ్యాయి. వలస వచ్చిన తొలి తరం ఇంజినీర్లు, డాక్టర్ల కూతుళ్లు కళాశాల వయసుకొచ్చిన కాలం అది. తెల్లవారి సొరారిటీల్లో ఇమడలేక, ఇంట్లోని పద్ధతులకు అమెరికా రూపం ఇచ్చుకున్నారు. పేర్లు విని హడలిపోనక్కర్లేదు. 1918లో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టినవారి ఉద్దేశమూ ఇంచుమించు ఇదే: మనవాళ్లు పట్నంలో దిక్కులేక పోకూడదని. దానిలోని మంచీ ఇందులో ఉంది, ‘మనవాళ్లు’ అనే గిరి గీసే గుణమూ ఉంది. చేరే ముందు ఒక్కటి చూడండి. 2024 డిసెంబరులో అమెరికాలో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, చేరికల పేరిట వేధించినట్టు తేలిన సంఘాల వివరాలను కళాశాలలే బహిరంగంగా ప్రకటించాలి. మీ అమ్మాయి చెప్పిన సంఘం పేరు ఆ నివేదికలో ఉందేమో వెతకడానికి పది నిమిషాలు చాలు. చేరాక మానేయాలంటే ఏమవుతుందో కూడా అడిగించండి. తేలిగ్గా వదలలేని అక్కచెల్లెళ్ల బృందం ఎంత పేరున్నదైనా నాకు అనుమానమే.

ఇక్కడి మన సంఘాలతోనూ ఒక మాట ఉంది. మలేషియాలో తెలుగువారి సంఘం 1955 నుంచి ఉంది, 1981లో ప్రపంచ తెలుగు మహాసభలు కౌలాలంపూర్‌లోనే జరిగాయి. ఉగాది, భాషా తరగతులు, కూచిపూడి అన్నీ ఉన్నాయి. కానీ విశ్వవిద్యాలయాల్లో కొత్త విద్యా సంవత్సరం మొదలైనప్పుడు ఏ క్యాంపస్‌లో మన అమ్మాయిలు ఎవరెవరున్నారో చెప్పే ఒక చిట్టా ఎవరి దగ్గరైనా ఉందా? పాతకాపులకు, కొత్తగా వచ్చిన ఐటీ కుటుంబాలకు మధ్య రాకపోకలే తక్కువ. సుబాంగ్ జయ కాండోలో ఉన్న హైదరాబాద్ పిల్లకు, మలయా విశ్వవిద్యాలయంలో మూడో ఏడు చదువుతున్న బగన్ డతో అమ్మాయి ఫోన్ నంబరు దొరకాలి. దానికి చట్టం అడ్డు కాదు, డబ్బూ అక్కర్లేదు. తర్వాత వారే ఒక సంఘంగా ఏర్పడి, 2024 సవరణ ఇచ్చిన వీలుతో తలా పది రింగిట్లు వేసుకుని, మొదటి ఏడాది అమ్మాయికి పుస్తకాలు కొనిపెడతారో, ఉగాది పచ్చడే చేసుకుంటారో వారి ఇష్టం. పెద్దలం ఆ కమిటీలో కుర్చీ మాత్రం అడగకుండా ఉంటే చాలు.