ఆ కేబుల్ కట్టాల్సింది ట్రక్కుకే

అమెరికాలో సెలవులొస్తే మంచాలు, వంటగది, బాత్రూము అన్నీ ఉన్న ట్రైలర్‌ను పికప్ ట్రక్కుకు తగిలించుకుని ఊళ్లు తిరగడం చాలా కుటుంబాలకు అలవాటు. అక్కడ స్థిరపడిన మనవాళ్లలోనూ ఈ సరదా ఉన్నవాళ్లున్నారు. ఆ ట్రైలర్లలో పెద్ద రకం ఫిఫ్త్ వీల్. దాని ముందు భాగం కింద కింగ్‌పిన్ అనే రెండంగుళాల లావు ఉక్కు కడ్డీ ఉంటుంది. ట్రక్కు తొట్టిలో, దాదాపు వెనక ఇరుసుకు పైన బిగించిన హిచ్ దవడలు దాన్ని పట్టుకుంటాయి. ఐదారు టన్నుల బండి, ఒక్కోసారి ఏడు టన్నులది కూడా, ఆ ఒక్క పట్టు మీదే నడుస్తుంది. పట్టు జారిన రోజు ఆదుకోవడానికి ఉన్నది చిటికెన వేలంత లావు కూడా లేని బ్రేకవే కేబుల్. దాన్ని చాలామంది చేతికి దగ్గరగా ఏది కనిపిస్తే దానికి తగిలించేస్తారు. అది తప్పు. ఆ కేబుల్ కొసను ట్రక్కుకే కట్టాలి. హిచ్‌కు కట్టకూడదు, హిచ్ పిడికి అసలే కట్టకూడదు. ఈ సంగతి చేసి చూపించాకే బండి అప్పగించే బాధ్యత అమ్మేవాళ్లది, అద్దెకిచ్చేవాళ్లది.

ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకో రైళ్ల చరిత్ర చెబుతుంది. 1889 జూన్ 12న ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర విహారయాత్రకు బయల్దేరిన రైలొకటి ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. సిబ్బంది దాన్ని రెండుగా విడదీసి, ముందు భాగాన్ని తీసుకెళ్లబోయారు. ఆ రైలు బ్రేకులు ఇంజన్‌తో గొట్టం కలిసి ఉంటేనే పనిచేసే రకం. గొట్టం విడదీయగానే వెనక పెట్టెలకు ఆ బ్రేకు లేకుండా పోయింది. అవి వాలులో వెనక్కి దొర్లి, అదే పట్టాల మీద వస్తున్న మరో రైలును గుద్దాయి. దాదాపు 80 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది పిల్లలు. బండి తెగితే దానంతటదే పడే బ్రేకును ప్రయాణికుల రైళ్లకు తప్పనిసరి చేస్తూ బ్రిటన్ ఆ ఏడాదే చట్టం తెచ్చింది. అలాంటి ఎయిర్ బ్రేకును అమెరికాలో జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872 నాటికే రూపొందించాడు. గొట్టంలో గాలి నిండి ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది, గాలి పోతే పడుతుంది. ఇప్పటి భారీ లారీ ట్రైలర్లలోనూ గాలి పోతే బ్రేకు పడాల్సిందే. పికప్ లాగే ట్రైలర్‌లో మాత్రం ఏర్పాటు చాలావరకు దీనికి తలకిందులు. బ్రేకు కరెంటుతో పడుతుంది, ఆ కరెంటు ట్రక్కు నుంచి ప్లగ్గు ద్వారా అందుతుంది. ప్లగ్గు ఊడితే పడ్డ బ్రేకు కూడా వదిలేస్తుంది. ఆర్మాలో వెనక పెట్టెలకు పట్టిన గతి ఈ ట్రైలర్‌కు పట్టకుండా కాపాడేది బ్రేకవే స్విచ్ ఒక్కటే.

స్విచ్ పనితీరు తేలికే. ట్రైలర్ ముందు భాగంలో ఓ చిన్న పెట్టె, అందులో దూర్చిన పిన్ను, పిన్నుకు కేబుల్. ట్రైలర్ విడిపోయి దూరం జరిగితే కేబుల్ లాగి పిన్ను ఊడుతుంది, ట్రైలర్‌లోని 12 వోల్టుల బ్యాటరీ నుంచి కరెంటు నేరుగా బ్రేకులకు వెళ్తుంది. వాణిజ్య వాహనాలకు వర్తించే ఫెడరల్ నిబంధన ప్రకారం అలా పడ్డ బ్రేకు కనీసం 15 నిమిషాలు నిలవాలి. సొంత బండ్లకు ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిది. మామూలు ట్రైలర్లకు అడిగే సేఫ్టీ గొలుసులను చాలా రాష్ట్రాలు ఫిఫ్త్ వీల్ రకానికి అడగవు. గొలుసు లేనప్పుడు కేబుల్ మీద భారం రెట్టింపవుతుంది. అయినా దాన్ని ఎక్కడ కట్టాలో ఆ ఫెడరల్ నిబంధన విడమర్చి చెప్పదు, బ్రేకు పడాలని మాత్రమే చెబుతుంది.

హిచ్‌కు కడితే ఏమవుతుంది? చాలా హిచ్‌లు ఒకే ముక్క కావు. పైతల వేరు, అడుగు వేరు, రెంటినీ పిన్నులతో కలుపుతారు. తొట్టి ఖాళీగా కావలసినప్పుడు మొత్తం ఊడదీసి పక్కన పెట్టుకునే రకాలూ ఉన్నాయి. ఆ పిన్నులు సరిగా పడక పైతల లేచిపోతే అది ట్రైలర్‌తోపాటే పోతుంది, దానికి కట్టిన కేబుల్ కూడా వెంటే పోతుంది. పిన్ను ఊడదు, బ్రేకు పడదు. బావిలోకి దిగేవాడి నడుముకు తాడు కట్టి, రెండో కొస కూడా వాడి చేతికే ఇచ్చినట్టు ఉంటుంది ఆ ఏర్పాటు. హిచ్ పిడికి తగిలించడం ఇంకా ప్రమాదం. దవడలను తెరిచేది ఆ పిడే. మలుపులో కేబుల్ బిగుసుకుని పిడిని లాగిందంటే, ప్రమాదం నుంచి కాపాడాల్సిన తీగే ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. పిన్ను ఊడడానికి పెద్ద బలం అక్కర్లేదు కాబట్టి, తొట్టిలో ట్రక్కు బాడీకి గట్టిగా బిగించి ఉన్న కొక్కెం ఏదైనా సరిపోతుంది. మధ్యలో తగిలించే క్లిప్పు మాత్రం తాళంచెవుల గుత్తికి వాడే బొమ్మ క్లిప్పు కాకూడదు. పిన్ను ఊడకముందే క్లిప్పు సాగిపోతే కట్టీ కట్టనట్టే.

ఫిఫ్త్ వీల్ అసలు ఊడదని, ఊడినా ట్రక్కు తొట్టి అంచుల మీదే పడి ఆగుతుందని కొందరంటారు. మామూలు బంతి హిచ్ కంటే ఈ పట్టు గట్టిదన్న మాట నిజమే. కానీ ట్రైలర్‌ను కాస్త ఎక్కువ ఎత్తులో ఉంచి తగిలిస్తే కింగ్‌పిన్ దవడల మధ్యకు దిగకుండా పైనే కూర్చుంటుంది, చూసేవాళ్లకు తగులుకున్నట్టే కనిపిస్తుంది. రోడ్డు మీద ఓ కుదుపు వచ్చేదాకా ఆ తేడా తెలియదు. తొట్టి మీద పడ్డ ట్రైలర్ అక్కడే ఉంటుందన్న భరోసా కూడా లేదు. ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారి, తొట్టి వెనక తలుపును విరగ్గొట్టుకుని రోడ్డు మీదికి రావచ్చు. ఇంకో అభ్యంతరం ఇంతకంటే బలమైనది: హైవే మీద పిన్ను పొరపాటున ఊడి చక్రాలు బిగుసుకుపోతే? ఆ భయం న్యాయమైనదే. అది కేబుల్ పొట్టిగా ఉన్నందువల్లో, దారిలో దేనికో చిక్కుకున్నందువల్లో వచ్చే చిక్కు. ఖాళీ స్థలంలో ట్రక్కును రెండు వైపులా పూర్తిగా తిప్పి, ఏ వైపూ కేబుల్ బిగుసుకోకుండా, వెనక తలుపులో ఇరుక్కోకుండా చూసుకుంటే ఆ చిక్కు తీరుతుంది. అంతేగాని కేబుల్‌ను హిచ్‌కు చుట్టేయడం దానికి విరుగుడు కాదు.

కేబుల్ సరైన చోట కట్టినా బ్యాటరీ చచ్చి ఉంటే ఫలితం సున్నా. చలికాలమంతా మూలన పడి ఉన్న ట్రైలర్‌ను వసంతంలో బయటికి తీసేవాళ్లు ఎక్కువగా మరిచేది దీన్నే. పరీక్షకు పెద్ద సమయం పట్టదు. ట్రైలర్‌ను తగిలించి, దవడలు మూసుకున్నాయో లేదో వంగి చూసి, ఏడు పిన్నుల ప్లగ్గు ఊడదీసి, బ్రేకవే పిన్ను లాగి, ట్రక్కును మెల్లగా ముందుకు కదపాలి. ట్రైలర్ చక్రాలు గట్టిగా అడ్డుపడాలి. వెంటనే పిన్ను తిరిగి దూర్చేయాలి, లేకపోతే బ్రేకు అయస్కాంతాలు వేడెక్కుతాయి, బ్యాటరీ కూడా దిగిపోతుంది. లక్షల డాలర్ల వ్యాపారం చేసే అమ్మకందారుకు కొనేవాళ్ల ఎదుట ఈ పరీక్ష ఒకసారి చేసి చూపించడం ఏ విధంగానూ భారం కాదు. ట్రక్కులు తయారుచేసే కంపెనీలు కూడా తొట్టిలో ఒక కొక్కేనికి బ్రేకవే కేబుల్ కోసమని గుర్తు వేసి ఇవ్వాలి. కొనేవాళ్లు అప్పటిదాకా ఆగనక్కర్లేదు. బండి తీసుకునే రోజున పిన్ను లాగి చూపించమని అడగాలి, చక్రాలు అడ్డుపడకపోతే ఆ ట్రైలర్‌ను ఆ రోజు రోడ్డెక్కించకూడదు.